సీసా మీది పేరు

మన్సూరా
8 ఫిబ్రవరి 1987

పెదనాన్నకి,

కుశలం అడగడం చివర్లో పెట్టుకుంటాను, ముందు విషయం చెబుతాను. ఉత్తరం మొదట్లోనే ఊరందరి క్షేమం అడిగేవాళ్ళు ఏదో దాస్తున్నట్టు లెక్క అని మా కాలేజీలో భాష చెప్పే మాస్టారు అన్నారు. ఆ మాట నా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

నాన్న ఇక్కడ ఆసుపత్రిలో ఉన్నాడు. మా హాస్టలు నించి నడిచి వెళ్ళేంత దూరం. రెండు నెలలుగా మూత్రంలో నెత్తురు పడుతుంటే అమ్మ మొత్తుకుంది. "పదకొండో ఏట వచ్చిన చుట్టమే. మధ్యలో అలిగి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది" అని నవ్వేశాడు. పోయిన ఆదివారం గేదెకి గడ్డి కోస్తూ గట్టు మీద కూలబడ్డాడు. నెత్తురు గడ్డకట్టి మూత్రం అసలు ఆగిపోయింది. ఇటుకల వ్యాను ఒకటి అటు వస్తే అందులో పడుకోబెట్టి తెచ్చారు. గొట్టం వేశాక కాస్త తేరుకున్నాడు. తేరుకోగానే మీకు రాయమన్నాడు. ఆయన మాట చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"మా అన్నయ్యకి రాయవే. నలభై అయిదో ఏట నా మగతనం మళ్ళీ చిగురేసిందని రాయి. కుళ్ళి చస్తాడు."

వార్డంతా నవ్వింది. మీరెందుకు కుళ్ళుకోవాలో తెలియక అమ్మనడిగాను. ఆడపిల్ల పెద్దమనిషి అయినట్టే మగపిల్లాడికి కూడా పదీ పన్నెండేళ్ళ మధ్య మూత్రం ఎర్రగా పడుతుందనీ, పడిన రోజున ఇంట్లో పావురం వండేవాళ్ళనీ, మన కఫ్ర్ సాబిర్‌లో అది పడని మగపిల్లాణ్ణి ఈడొచ్చినా ఆడపిల్లల వరసలో కూర్చోమని ఏడిపించేవాళ్ళనీ చెప్పింది. మీరు రెండేళ్ళు పెద్దయినా నాన్నకే ముందు వచ్చిందట. ఇందులో గొప్పేముందో నాకు అర్థం కాలేదు. మీకు అర్థమవుతుందేమో.

డాక్టర్లతో మాట్లాడడానికి, కాగితాల మీద సంతకం పెట్టడానికి మీరు రావాలంటున్నాడు. నేనున్నానుగా అంటే, "నువ్వు పిల్లవి, వాడు చదువుకున్నవాడు" అన్నాడు. నేను చదువుకోవడం లేదా పెదనాన్నా? రోజూ క్లాసు వదిలి వెళ్తున్నాను. నేను మంచం పక్కన కూర్చుంటే ఆయన తలుపు వైపు చూస్తాడు.

మీరూ, సుఆద్ పెద్దమ్మా, హుస్నీ అన్నయ్యా బాగున్నారా?

మీ తమ్ముడి కూతురు
ఇన్సాఫ్


అలెగ్జాండ్రియా
17 ఫిబ్రవరి 1987

అమ్మాయ్ ఇన్సాఫ్,

నీ ఉత్తరం గోదాము ఆఫీసుకి చేరింది. కవరు మీద నీ అక్షరం చూసి మా పెద్ద గుమస్తా, "ఎవరిదయ్యా ఈ చెయ్యి?" అన్నాడు. మా తమ్ముడి కూతురిది అన్నాను. నా కొడుకు రాసిందేదైనా ఆయనకి చూపించే యోగం నాకింకా పట్టలేదు. హుస్నీ కాసెట్ల కొట్టులో కూర్చుని పొద్దస్తమానం తల ఊపుతుంటాడు. మీ నాన్నకి దేవుడు అన్నీ ఇచ్చాడమ్మా. పొలమిచ్చాడు, భుజాలిచ్చాడు, చివరికి నిన్ను కూడా ఇచ్చాడు. నాకు ఒక కుర్చీ ఇచ్చాడు. దాని మీద దిండు నేనే తెచ్చుకున్నా.

నేనేమీ కుళ్ళుకోలేదని మీ నాన్నకి చెప్పు. వాడికి పదకొండేళ్ళప్పుడు మీ నాయనమ్మ వాణ్ణి గాడిద మీద ఎక్కించి వీధి చివరి దాకా తిప్పింది. ఆ గాడిద తాడు పట్టుకుని నడిచింది నేను. ఆ రోజుతో నా వంతు కుళ్ళు అయిపోయింది.

ఇప్పుడు పత్తి ఓడలు వరసగా ఉన్నాయి, సెలవు దొరకదు. నా దగ్గు కూడా తగ్గలేదు. డాక్టర్లు ఎలా చెబితే అలా చెయ్యండి. ఒక్క మాట. ఆ పాత కథలు డాక్టర్ల ముందు విప్పొద్దు. పల్లెటూరివాళ్ళంటే వాళ్ళకి ముందే నవ్వు.

మీ నాన్నకి ములూఖియా కూర పెట్టకండి, గొట్టం ఉన్నప్పుడు పడదు. వాడికి అదంటే ప్రాణమని తెలుసు. అందుకే చెబుతున్నా.

పెదనాన్న
బయ్యూమీ


మన్సూరా
24 ఫిబ్రవరి 1987

పెదనాన్నకి,

ఈ ఉత్తరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అమ్మకి వినబడకూడదు.

మొన్న చిన్న దీపం ఉన్న గొట్టం లోపలికి పంపి చూశారు. మూత్రసంచి గోడకి కాలీఫ్లవరు పువ్వు అంత కణితి ఉందట. ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరు. పొలుసుల కణాల రకం అంటారట. డాక్టరు గారు రెండు మాటలు వాడారు, ఒకటి "అరుదైనది", రెండోది "దూకుడైనది". నేను గ్రంథాలయానికి వెళ్ళి పుస్తకం తీసి చూశాను. అందులోనూ ప్రపంచంలో అరుదైనదనే ఉంది. ఈ వార్డులో పన్నెండు మంచాలుంటే తొమ్మిదింటి మీద అదే పెదనాన్నా. అరుదు అనే మాట మీద నాకు నమ్మకం పోయింది. రెండో మాట మాత్రం నిజం. కండరంలోకి దిగిపోయింది. మూత్రసంచి మొత్తం తీసేసి, పేగు ముక్కతో కొత్త సంచి కుడతారట. నెలలోపు జరగాలి.

నాన్నకి పేరు చెప్పలేదు. చెబితే నా కాళ్ళు విరగ్గొడతానంది అమ్మ. తను కూడా "ఆ జబ్బు" అంటుంది తప్ప పేరు ఎత్తదు. పుండు అని చెప్పాం.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. డాక్టరు గారు నాన్నని, "చిన్నప్పుడు కాలవ పురుగుకి సూదులు వేయించుకున్నావా?" అని అడిగారు. కాలవ నీళ్ళలోంచి ఒంట్లోకి దూరే ఆ బిల్హార్జియా పురుగే ఏళ్ళ తరబడి లోపల ఉండి ఇంత దాకా తెస్తుందట. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నాకెందుకండీ సూదులు? సర్కారోళ్ళే ఊళ్ళోకొచ్చి పరీక్ష చేశారు. నాది శుభ్రం అన్నారు. జబ్బు మా అన్నయ్యది. పన్నెండు సూదులు పొడిచారు, పాపం. సూదికో పావురం చొప్పున పన్నెండు పావురాలు కూడా తిన్నాడనుకోండి."

"నీకు నెత్తురు పడిందన్నావుగా?"

"పడింది. నాది జబ్బు నెత్తురు కాదు, మగ నెత్తురు. మా అమ్మ అప్పుడే చెప్పింది. కాగితం కూడా అదే చెప్పింది."

డాక్టరు గారు కలం కింద పెట్టేశారు.

ఆపరేషన్ వద్దంటున్నాడు. "సర్కారు శుభ్రమన్నదాన్ని కోసి పారెయ్యడానికి వీళ్ళెవరు? అన్నయ్య వచ్చి కోయించుకోమంటే కోయించుకుంటా" అంటున్నాడు. నేను బొమ్మ గీసి మూడుసార్లు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "బాగా చెప్పావమ్మా" అన్నాడు. నా గుండె పొంగింది. వెంటనే, "అన్నయ్య ఏమంటాడో రాసి కనుక్కో" అన్నాడు. బొమ్మ చింపేశాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని తలగడ కింద పెట్టుకున్నాడు. నేను పోయినేడు హాస్టలు నించి రాసిన ఉత్తరాలు ఇంట్లో రొట్టెల పొయ్యి రాజెయ్యడానికి వాడారు.

రండి.

ఇన్సాఫ్


అలెగ్జాండ్రియా
5 మార్చి 1987

ఇన్సాఫ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇది నీ మాట కాదు. మీ నాన్న మిత్వల్లీ చెబుతుంటే నువ్వు రాస్తున్నావు, నువ్వు తెలివైనదానివి కనక నీ మాటలా రాస్తున్నావు.

సూదులు నాకు పొడిచారు. వాంతులు నావి, దగ్గు నాది. ఒక్కో సూదికి గోడ పట్టుకుని ఇంటికి నడిచింది నేను. ఇప్పుడు ఆ బాధ కూడా వాడికే కావాలా? ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత ఒక గాజుసీసా గురించి నన్ను నిలదియ్యాలనుకుంటే తనే నోరు తెరిచి అడగమను. కన్నకూతురి చేత ఇలా చుట్టూ తిప్పి అడిగించడం మగవాడి పని కాదు. వాడికి మగతనం మీద అంత మోజు కదా.

ఆపరేషన్ చేయించుకోమని నేను చెప్పానని చెప్పు. అది చాలదా? నేను వచ్చి నిలబడితే తప్ప వాడి నెత్తురుకి విలువ రాదా?

బయ్యూమీ


మన్సూరా
11 మార్చి 1987

పెదనాన్నకి,

నేను రాసే ప్రతి ఉత్తరానికీ ముందు చిత్తుప్రతి రాసుకుంటాను, తప్పులు దిద్దుకోవడానికి. అవి నా దగ్గరే ఉన్నాయి. రెండూ తీసి మాట మాట చదివాను. గాజుసీసా అన్న మాట నేనెక్కడా రాయలేదు. నాన్న కూడా ఎప్పుడూ అనలేదు. ఏ సీసా?

మీ ఉత్తరం నాన్నకి చదవలేదు. ఇదే మొదటిసారి. పోస్టు రాలేదని అబద్ధం చెప్పాను. దాంతో ఏం జరిగిందో వినండి. "అన్నయ్య ఏమీ రాయలేదంటే కంగారు పడాల్సిందేమీ లేదన్నమాట" అని గొట్టం పీకించుకుని కఫ్ర్‌కి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి చూస్తే అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. రంగు పోయింది. గలాబియా అంగీ ముందు మరక కనబడకుండా తువ్వాలు ఒళ్ళో వేసుకున్నాడు. పక్కింటి అబ్దుస్సమీ కాలవలో దిగి నాచు తీస్తుంటే, "వాడి నడుం చూడు, నా ఈడువాడే" అన్నాడు. నాన్న ఇంకొకరిని చూసి అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

డాక్టరు గారు నాకు స్పష్టంగా చెప్పారు. ఇంకో మూడు వారాలు దాటితే కత్తి పనికిరాని చోటికి పాకుతుంది.

మీ ఇద్దరి మధ్య ఏముందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. నేను చెబితే వినని మనిషి మీరు చెబితే వింటాడు. అది తలుచుకుంటే నాకు మీ మీద ఎంత మంటగా ఉందో రాయడానికి నా నోటుపుస్తకంలో మాట లేదు. అయినా మిమ్మల్నే అడుక్కుంటున్నాను.

ఇన్సాఫ్


అలెగ్జాండ్రియా
18 మార్చి 1987

అమ్మా ఇన్సాఫ్,

మీ మాస్టారు చెప్పింది నిజమే. నేను మొదటి ఉత్తరంలో ఓడల గురించీ దగ్గు గురించీ ములూఖియా గురించీ రాసింది దాచుకోవడానికే.

అప్పుడు నాకు పదమూడేళ్ళు, మీ నాన్నకి పదకొండు. వాడికి ఎర్రగా పడుతోంది, నాకు లేదు. కాలవ దగ్గర పిల్లలు నన్ను 'బయ్యూమా' అని ఆడపేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఆ ఎండాకాలం సర్కారోళ్ళు బడి దగ్గర గుడారం వేశారు. ప్రతి ఇంటికీ, ఎంతమంది మగపిల్లలుంటే అన్ని గాజుసీసాలు ఇచ్చారు, పేరు రాసిన కాగితం అంటించి. పొద్దున్నే నింపి పంపాలి. అమ్మ రెండు సీసాలూ బుట్టలో పెట్టి పెద్దవాణ్ణి కదా అని నా చేతికిచ్చింది. ఒకటి నీళ్ళ రంగు. ఒకటి మందార రసం రంగు.

తూము దగ్గర కూర్చున్నాను. మదరసాలో నాకు నాలుగక్షరాలు వచ్చాయి. మీ నాన్నకి రావు. కాగితాల జిగురు ఇంకా తడిగానే ఉంది. ఊడదీసి అటుది ఇటు, ఇటుది అటు అంటించాను. నాకు జబ్బు రావాలని కాదమ్మా. అది జబ్బని కూడా నాకు తెలియదు. నా పేరు కింద ఆ ఎరుపు ఉండాలి, అంతే.

వారం తర్వాత పేర్లు పిలిచారు. బయ్యూమీకి ఉంది, మిత్వల్లీకి లేదు. ఊరంతా తెల్లబోయింది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి తేల్చేసింది: పెద్దాడిది కంటికి కనబడని చెడ్డ నెత్తురు, చిన్నాడిది మంచి నెత్తురు. ఆ తీర్పునే మీ నాన్న ఇవాళ్టికీ పట్టుకు వేలాడుతున్నాడు. అది నా చేతి పని.

ఇంకా ఉంది. డాక్టరు మా నాన్నతో, "ఈ కుర్రాణ్ణి నీళ్ళలోకి దించొద్దు" అన్నాడు. నీళ్ళలో దిగనివాడు వరిచేలో ఎందుకు పనికొస్తాడు? అందుకని నన్ను బడికి పంపారు. నా వాటా పని కూడా మీ నాన్న మీద పడింది. ఒకరినే చదివించగలం, జబ్బువాడు చదువుకోనీ అన్నాడు మా నాన్న. బడి కిటికీలోంచి కాలవ కనబడేది. వాడు మొలలోతు నీళ్ళలో నవ్వుతూ ఈదేవాడు. నేను బెంచీ మీద కూర్చుని అప్పుడు కూడా వాణ్ణి చూసే కుళ్ళుకున్నాను.

నాకు పడాల్సిన సూదులు కావవి. వాడికి పడాల్సినవి పడలేదు.

ఇది వాడికి చదివి వినిపిస్తే ఆపరేషన్‌కి ఒప్పుకుంటాడనుకుంటే చదువు. లేదంటే పొయ్యిలో పెట్టు. నాకా ధైర్యం లేక నీ నెత్తిన పెడుతున్నా. నీ చేతికి బుట్ట ఇచ్చి పంపిస్తున్నట్టే ఉంది.

బయ్యూమీ


మన్సూరా
26 మార్చి 1987

పెదనాన్నకి,

చదివాను.

ఎందుకు చదివానో కూడా నిజం చెప్పాలి. ఆపరేషన్ కోసం అని బయటికి అనుకున్నాను. కానీ అరుగు దాకా నడుస్తుంటే నా అడుగు తేలిగ్గా పడింది. ఈ ఉత్తరంతో మీరు ఆయన తలగడ కింద నించి లేచిపోతారు, ఇక నా మాటే మిగులుతుంది అనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. అయినా మీరు అన్నీ రాశాక నేను దాచుకోవడం న్యాయం కాదు.

నాన్న చిక్కుళ్ళు ఒలవడం ఆపలేదు. చివరిదాకా విన్నాడు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"ఆ తూము దగ్గర కూర్చున్న చోటు ఇంకోసారి."

చదివాను. అమ్మ గుమ్మంలో నిలబడి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నాన్న చేతిలో గింజ గిన్నెలో వేశాడు. అప్పుడు అన్నాడు:

"అయితే ఆ పన్నెండు పావురాలూ నావన్నమాట."

అమ్మకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. ఆయన నవ్వలేదు.

"మా అమ్మ పచ్చి గోధుమలు కూరి వండేది. వాడు లోపల తింటుంటే నేను గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఎముక కూడా ఇచ్చేవాడు కాదు దొంగ వెధవ." ఇంకో కాయ ఒలిచాడు. "బడి కూడా."

ఆ రెండో మాట చాలా చిన్నగా అన్నాడు పెదనాన్నా. జబ్బు గురించి ఒక్క మాటా అనలేదు. సూదుల గురించీ అనలేదు. చిక్కుడు తొక్కలన్నీ గేదె ముందు పోసి వచ్చి, "అయితే నాది మంచి నెత్తురు కాదు. రేపు బండెక్కుదాం" అన్నాడు.

మర్నాడే వచ్చేశాం. ఆపరేషన్ ఏప్రిల్ ఒకటిన. నేను డాక్టరు గారికి సీసా కథ చెప్పాను. ఆయన కొంచెం ఆలోచించి, "అప్పుడు సూదులు వేసినా సాయంత్రానికి మళ్ళీ అదే కాలవలో దిగేవాడు, మళ్ళీ పురుగు పట్టేది. దీనివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు" అన్నారు. మీకు ఊరటగా ఉంటుందని రాస్తున్నాను. నాన్నకి మాత్రం అది నచ్చలేదు. "చెప్పలేనప్పుడు ఊరుకోమను. మా అన్నని నేను తిట్టుకోవాలంటే మధ్యలో ఈయన అడ్డమేమిటి?" అన్నాడు.

తర్వాత డాక్టరు గారు, ఆపరేషన్ అయ్యాక ఉండే కొన్ని సంగతులు ఆడపిల్ల ముందు చెప్పేవి కావని నన్ను బయటికి పంపి నాన్నతో మాట్లాడారు. నేను తిరిగి వెళ్ళేసరికి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "చిగురేసిందని రాయించాగా అన్నయ్యకి, ఆ మాట కొట్టెయ్యి" అన్నాడు.

మిమ్మల్ని తిట్టమని రాయమంటాడని ఎదురుచూశాను. ఆయన రాయమన్నది ఇది:

"రమ్మను. సీసా మోసే పని వాడికింకా అవలేదు."

ఇన్సాఫ్


అలెగ్జాండ్రియా
3 మే 1987

అమ్మాయ్ ఇన్సాఫ్,

నాలుగు వారాలు ఆసుపత్రిలో నీతో కలిసి ఒకే బల్ల మీద కూర్చుని, ఇప్పుడు మళ్ళీ ఉత్తరం రాయాలంటే కొత్తగా ఉంది. ఇక్కడ ఉపవాసాలు మొదలయ్యాయి. ఆఫీసులో అందరూ గడియారం కేసి చూస్తున్నారు. నేను గడియారం చూస్తే మాత్రం చెయ్యి దానంతటదే సీసా కోసం వెతుకుతోంది.

బస్టాండులో నువ్వు కళ్ళనీళ్ళతో అడిగావు, "నేను లోపలికి రాగానే మీరిద్దరూ ఎందుకు మాట మానేసేవారు? నేనేం పరాయిదాన్నా?" అని. అప్పుడు చెప్పలేదు, వాడు ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు తప్పుతున్నా. నువ్వు అలా అనుకుంటూ ఉండడం కంటే ఇది నయం.

ఆపరేషన్ అయిన మూడో రోజు గుర్తుందా, గంట గంటకూ గొట్టంలోంచి వచ్చింది సీసాలో కొలిచి, పేరు రాసి, బల్ల మీద పెట్టమన్నారు. నువ్వు క్లాసుకి వెళ్ళావు. మీ అమ్మ ఆ నర్సు ఎన్నిసార్లు దుప్పటి ఎత్తుతోందో కాపలా కాయడంలో ఉంది. నేను పేరు రాసి అంటించాను. మీ నాన్న కళ్ళు సగం తెరిచి, "ఏం రాశావు?" అన్నాడు.

"మిత్వల్లీ అని."

"నాకెలా తెలుస్తుంది?"

వాడు పక్క మంచం మనిషిని పిలిచాడు. "అన్నా, కాస్త ఇది చదివి పెట్టు." ఆయన చదివాడు. తర్వాత గంటకి ఇంకొకణ్ణి పిలిచాడు. రెండు రోజులు అలా ప్రతి సీసాకీ సాక్షిని పెట్టాడు. వార్డులో చదువొచ్చినవాళ్ళందరూ అయిపోయారు. నాకు కోపం వచ్చింది, ఏడుపొచ్చింది. మూడో రోజు వాడే అన్నాడు, "ఎంతమందిని పిలవను? నాకు నేర్పు."

నీ దగ్గర నేర్చుకోవచ్చుగా అన్నాను. "కూతురి ముందు తప్పు రాస్తే నాకు సిగ్గు. నీ ముందు రాస్తే సిగ్గుపడాల్సింది నువ్వు" అన్నాడు.

అందుకే నువ్వు రాగానే మందుల అట్టపెట్టె తలగడ కింద దాచేవాడు. దాని వెనక రాసేవాడు. వసంతం పండగ నాడు పక్క మంచంవాళ్ళు దొంగతనంగా ఉప్పుచేప తెచ్చుకుని తింటుంటే ఆ వాసనకి కళ్ళు మూసుకుని, "మాట్లాడకు, అక్షరం తప్పుతుంది" అన్నాడు. మన బడిలో నా పక్కన కూర్చుని ఉంటే వాడికి నాకంటే ముందు వచ్చేసి ఉండేది. అది చూసి కూడా నా కడుపులో పాత మంట కాస్త రేగింది. ఈ వయసులో ఇక అది పోదు.

నీకు చెప్పానని వాడికి తెలియనివ్వకు.

పెదనాన్న


కఫ్ర్ సాబిర్
13 జులై 1987

పెదనాన్నకి,

సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాను. నాన్న నాట్లు వేసేవాళ్ళని గట్టు మీద నించి చూస్తూ కేకలేస్తున్నాడు. నీళ్ళలో దిగకూడదు. అబ్దుస్సమీ దిగితే, "వాడి వరస వంకర, నారు దండగ" అంటాడు. వరస తిన్నగానే ఉంటుంది. కొత్త సంచికి నిండినట్టు తెలియదు కదా, మూడు గంటలకోసారి గడియారం చూసి వెళ్ళాలి. మీరిచ్చిన చేతిగడియారం నిద్రలో కూడా తియ్యడు. ఇప్పుడాయనకి జబ్బు పేరు తెలుసు. డాక్టరు గారు రాసిన చీటీ మీద అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుకున్నాడట. చదివి అమ్మతో, "ఇన్నాళ్ళూ 'ఆ జబ్బు', 'ఆ జబ్బు' అన్నావు. పేరు పెద్దదేమీ కాదే" అన్నాడు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేనే చదువు చెప్పానని.

ఇవాళ మూడు నెలల పరీక్షకి మన్సూరా వెళ్ళాం. బల్ల దగ్గర సీసా ఇచ్చారు, కాగితం ఇచ్చారు. నేను అలవాటుగా కలం తీశాను. నాన్న నా చెయ్యి పక్కకి తోశాడు. మెల్లగానే తోశాడు, కానీ తోశాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. "ఆయన రాసేసరికి మాకు మళ్ళీ వస్తుంది" అన్నాడొకడు. నాన్న తలెత్తలేదు. రాసి, జిగురు పూసి, ఆరేదాకా బొటనవేలు దాని మీద నొక్కి పట్టుకున్నాడు. లోపలున్నది నీళ్ళ రంగులో ఉంది. బల్ల వెనక ఉన్నామె, "మిత్వల్లీ గారూ" అని చదివింది. ఆయన నా కేసి చూశాడు, వింటున్నావా అన్నట్టు.

ఇరవై ఏళ్ళు నిండకముందే ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళకి సంతకం నేర్పాను నేను. నాన్నకి నేర్పుతానని ఎన్నేళ్ళు వెంటపడ్డానో మీకు తెలియదు. మీరు నేర్పారు. నాకు కుళ్ళుగానే ఉంది పెదనాన్నా. ఇంటికొచ్చాక మందుల అట్టపెట్టె దొరికితే, మీకు పంపుదామని తీసి, పంపలేక నా నోటుపుస్తకంలో దాచుకున్నాను. అడగకండి, ఇవ్వను.

మాసాంతానికి మీరు వస్తారని నాన్న పావురాలు పెంచుతున్నాడు. సరిగ్గా పన్నెండు. మీ ముందు కూర్చుని తినాలట, మీకు ఎముక కూడా ఇవ్వడట.

పరీక్ష ఫలితం గురువారం చెబుతారు. మంచిదైనా చెడ్డదైనా, ఈసారి అది ఆయనదే.

ఇన్సాఫ్